మిరప కల్లంలో నా లెన్సుల గుట్టు

పెళ్లయ్యాక మళ్లీ ఈ కళ్లజోడేంటని చూస్తున్నారుగా? చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వితే మాత్రం ఊరుకోను! మొన్న మిరప కల్లంలో నా గుట్టంతా నా నోటితోనే బయటపెట్టుకున్నాను.

నాది మైనస్ ఆరు పవరు. పెళ్లిచూపులకి ముందు మా అమ్మ మద్రాసు తీసుకెళ్లి కాంటాక్ట్ లెన్సులు పెట్టించింది. అత్తవారికి చెప్పలేదు. కాపురానికెళ్లాక మావారికి చెప్పాను. "నాన్నకిప్పుడే చెప్పకు, మీ అమ్మ మోసం చేసిందంటాడు" అన్నారు. అంతే, కళ్లజోడు ట్రంకుపెట్టె అడుక్కి వెళ్లింది.

మొన్న అత్తయ్యగారికి ఒంట్లో బాగాలేదు. కల్లంలో ఉన్న మామయ్యగారికి క్యారేజీ నేనే పట్టుకెళ్లాను. ఇంకా కూతవేటు దూరం ఉండగానే మిరప ఘాటు! లెన్సుల కింద నిప్పు పెట్టినట్టయింది. గబగబా కంటికొస లాగి, రెప్పలాడించి, రెండింటినీ అరచేతిలోకి రాల్చుకుని డబ్బీలో వేసేశాను. చూపు కూడా డబ్బీలోకే పోయింది!

మిట్టమధ్యాహ్నం. కూలీలంతా అన్నాలకి పోయినట్టున్నారు, ఒక్క గొంతూ లేదు. ఎదురుగా ఎరుపు, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియని ఎరుపు. ఎండిన కాయల్లో గింజలు గలగలమంటున్నాయి, ఎవరో నడిచొస్తున్నట్టు. ఆగి వింటే ఎవరూ లేరు.

ఆ ఎరుపు మధ్యలో మామయ్యగారు నిలబడి ఉన్నారు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, భుజాన కండువా.

"మామయ్యగారూ, క్యారేజీ తెచ్చానండి."

పలకలేదు. దగ్గరికెళ్లాను. అంత ఎండలోనూ వీపు చల్లబడింది. ముఖం నల్లగా ఉంది, కళ్లు మాత్రం తెల్లగా, గుండ్రంగా. రెప్ప పడటంలేదు. ఆయన కూర్చోకుండా కోడల్ని నేనెలా కూర్చుంటాను? కొంగు సర్దుకుని అలాగే నిలబడ్డాను.

"భోంచేయరా అండీ?"

తల మెల్లగా అటు తిరిగింది. మళ్లీ ఇటు తిరిగింది. వద్దని! మాట లేదు, ఊపిరి చప్పుడు కూడా లేదు. అంతా తెలిసిపోయిందనుకున్నాను.

"తప్పేనండి! కళ్లద్దాల్లేకపోతే నాకు ఆనదు. లెన్సులు పెట్టుకుని పెళ్లిచూపుల్లో కూర్చున్నాను. మా అమ్మనేమీ అనకండి, నన్ను పంపించేయకండి!"

ఏడుస్తూ కాళ్లమీద పడబోయాను. అక్కడ కాళ్లు లేవు. పంచెలో ఒక్క కర్ర.

"ఎవరితోనమ్మాయ్ మాట్లాడుతున్నావు?"

మామయ్యగారి గొంతు, నా వెనకనుంచి!

నేను పెట్టిన కేకకి ఆయన పరుగున వచ్చారు. బండి నీడన కునుకు తీస్తుంటే నా గొంతుకి మెలకువ వచ్చిందట. మొత్తం విన్నారట. నేను మొరపెట్టుకున్నది దిష్టిబొమ్మకి! పంటకి దిష్టి తగలకుండా ఆయన పాత బట్టలే కట్టి, నల్లకుండకి సున్నంతో కళ్లు దిద్ది నిలబెట్టారు. గాలికి కుండ తిరిగింది, అంతే.

ఆయన నా చేతిలో క్యారేజీ అందుకుని బండిమీద పెట్టొచ్చారు. ఆ కాసేపూ నేను బొమ్మకి భయపడిన దానికంటే ఎక్కువ భయపడ్డాను.

"ఇంటికెళ్లి శుభ్రంగా కళ్లజోడు పెట్టుకో" అన్నారు చివరికి. "మీ అత్తయ్యకి నేను చెప్తాలే. నువ్వు చెప్పబోతే ఏ గాదెకో చెప్పి వస్తావు!"

ప్రాణం లేచొచ్చింది. చేతులు జోడించి, కళ్లనీళ్లతో, "మీ మేలు మర్చిపోనండి" అన్నాను.

"ఇటమ్మా, ఇటు" అన్నారు మామయ్యగారు.