స్టేషన్ మాస్టరుకు క్వాంటమ్ టెలిపోర్టేషన్

1998 ఆగస్టు 9, ఆదివారం, సాయంత్రం ఐదు గంటలు. తార్నాక, మా వరండా. హాజరైనవారు: నేను (యూనివర్సిటీ రికార్డుల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి), నా భార్య, లాలాగూడ నుంచి వచ్చిన మిత్రుడు (రిటైర్డ్ స్టేషన్ మాస్టరు), మా వెనక పోర్షన్‌లో అద్దెకుండే ఫిజిక్స్ రీసెర్చ్ అమ్మాయి.

తెల్లారితే ఆ అమ్మాయి క్యాంపస్‌లో కమిటీ ముందు తన పరిశోధన అంశమైన క్వాంటమ్ టెలిపోర్టేషన్‌ను వివరించాలి. కిందటిసారి కెమిస్ట్రీ ఆయనా, మ్యాథ్స్ ఆయనా అర్థం కాలేదని తిప్పి పంపారు. ఈసారీ అంతే అయితే అంశమే మార్చుకోవాలి.

"మీకు అర్థమైతే వాళ్లకు గూడ అయితది అంకుల్," అంది. అది పొగడ్తో కాదో తేల్చుకోలేకపోయాను.

ఆమె చెప్పింది ఇదీ: జతగా ముడిపడిన రెండు కణాలు. ఒకటి తార్నాకలో, ఒకటి లాలాగూడలో. విడిగా దేనికీ ఒక స్థితి అంటూ లేదు. కొలిస్తే మాత్రం రెండు జవాబులూ ఒకదానితో ఒకటి పొసగుతాయి. ఇప్పుడు మూడో కణం ఒకటుంది. దాని స్థితి ఏమిటో మనకు తెలియదు, అయినా ఆ స్థితిని లాలాగూడ కణానికి చేర్చాలి. దాన్నీ, జతలో మన దగ్గరున్నదాన్నీ కలిపి కొలుస్తాం. నాలుగు ఫలితాల్లో ఒకటి వస్తుంది. అదేదో లాలాగూడకు ఫోన్ చేసి చెప్పాలి.

"ఫోనెందుకు బిడ్డా? జత ఉన్నది గద, చిటికెల పోతది," అన్నాడు మిత్రుడు.

"పోదు అంకుల్. నాలుగిట్ల ఏదొచ్చిందో తెలిస్తేనే వాళ్లు తమ కణాన్ని సరిచేసుకుంటరు."

ఆయన కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. "అంటే నాలుగు లైన్ల స్టేషన్. బండిని ఏ లైన్ల తీసుకోవాల్నో కబురు రాకుంట పట్టాలు మార్చే పాయింట్లు తిప్పుతనా? సస్పెండ్ జేస్తరు!"

"గంతే అంకుల్!"

నా చిక్కు వేరు. "ఒరిజినల్ మన దగ్గరనే ఉంటది గద?"

"ఉండదు. కొలవంగనే ఆ స్థితి ఇక్కడ పోతది."

"ముందే ఒక కాపీ తీసిపెడితే?"

"తెలియని స్థితికి కాపీ తీసుడే కుదరదు అంకుల్."

ఒరిజినల్‌ను పాడుచేసి పంపే ఆఫీసు నేనెక్కడా చూడలేదన్నాను. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపు వాళ్లు గూడ గిదే అంటరు."

టీ తెచ్చిన నా భార్య కలగజేసుకుంది. "ఫొటో తీస్తమంటేనే ఈయన మొఖం బిగుసుకపోతది. అంతకుముందు ఎట్లున్నదో ఫొటోల ఎట్ల దొరుకుతది? గంతేనా బిడ్డా?"

"దాదాపు గంతే ఆంటీ."

"ఆయన మొఖం ఎప్పుడూ గట్లనే ఉంటది చెల్లెమ్మా," అన్నాడు మిత్రుడు.

ఏడింటికి నేను మొదటినుంచి చివరిదాకా తప్పులేకుండా ఒప్పజెప్పాను. మిత్రుడికి మూడుసార్లు పట్టింది.

మర్నాడు పొద్దున పది గంటలకు సెమినార్ హాల్లో నేనూ మిత్రుడూ వెనక వరసలో కూర్చున్నాం. కెమిస్ట్రీ ఆయన ఫోన్ గురించి అడిగాడు, అమ్మాయి చెప్పింది. మ్యాథ్స్ ఆయన ఒరిజినల్ గురించి అడిగాడు, చెప్పింది. రైల్వే ఊసే ఎత్తలేదని మిత్రుడు మొహం ముడుచుకున్నాడు. చివరికి కమిటీ పెద్దాయన, "ఇంతకీ ఇది దేనికి పనికొస్తుందమ్మా?" అన్నాడు.

"ఇంకా పూర్తిగా తెలియదు సార్."

"అయిపాయె!" అని మిత్రుడు పైకే అన్నాడు. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. పెద్దాయన నవ్వి, "ఈసారి నాకు అర్థమైంది," అంటూ ఆమోదం కాగితం మీద సంతకం పెట్టాడు.