తువ్వాలుతో తుడిచినట్టు

మైదుకూరులో కంప్యూటర్లు బాగుచేసే ఆయన మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఏ జబ్బుకైనా ఆయనది ఒకటే మాట: "ఫార్మాట్ కొడితే సరిపాయ!" అంటూనే భుజం మీది తువ్వాలుతో స్క్రీన్ తుడిచేవాడు.

మా గ్రంథాలయంలో కంప్యూటర్ని నడిపే లినక్స్ కొత్త వెర్షన్ ఎక్కించాక అది బూట్ కాలేదు, ఆన్ చేస్తే మొదలవలేదు. నేను రెండేళ్లు టైపు చేసిన పుస్తకాల జాబితా అందులోనే ఉంది. ఆయన్ను పిలిపించి, డిస్కు పెద్దదైతే బూట్ ఫైల్లో ఒక లైను చేర్చాలని ఒక పుస్తకంలో చదివానన్నాను.

"ఏమప్పా, పుస్తకాలు సదివి రిపేరు సేస్తాండావా?" అని నవ్వాడు.

బీరువాలోంచి ఆ పుస్తకం తెచ్చేలోగా నా జాబితాతో సహా డిస్కంతా చెరిపేశాడు. లినక్స్ మళ్లీ ఎక్కించినా బూట్ కాలేదు.

"ఆ లైనేందో నువ్వే రాయప్పా" అంటూ కుర్చీ వదిలాడు.

రాశాను. వెంటనే బూట్ అయింది. ఆయన తువ్వాలు తీసి స్క్రీన్ తుడిచాడు.

"సూడప్పా, ఎంత శుబ్బరంగా ఉండాదో!"