ప్లూటో అంగీ కోసం పాతబస్తీకి

ఈ ప్రయాణానికి కారణం ప్లూటో. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. షాద్‌నగర్ దగ్గర ఒక పల్లె బడిలో నేను సైన్సు టీచర్ని. మా ఆరో తరగతిలో ఉన్నదే పదిమంది పిల్లలు. వార్షికోత్సవానికి సౌరకుటుంబం మీద నాటిక వేయిద్దామనుకున్నప్పుడు లెక్క చక్కగా కుదిరింది. ఒకరు సూర్యుడు, తొమ్మిదిమంది గ్రహాలు, ఎవరూ మిగలరు. కొత్తగా చేరిన లావణ్యకు ప్లూటో ఇచ్చాను. పిలిస్తే తప్ప పలకని పిల్ల అది. ఆ రోజు మాత్రం ఇంటికి పరుగెత్తి నాయనమ్మకు, పక్కింటివాళ్లకు, ఆఖరికి కిరాణా కొట్టులో కూడా చెప్పుకుందట. తీరా పాతబస్తీలో అంగీలు కుట్టడానికి ఇచ్చేశాక, మొన్న శుక్రవారం, మా హెడ్‌మాస్టర్ గారు పాఠ్యపుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. "గ్రహాలు ఎనిమిదే కదమ్మా. వచ్చేది మండల అధికారి. సైన్సు టీచరే తప్పు చేస్తే ఎట్ల? ఆ పిల్లను పరదా పట్టుకోమనుండ్రి." ఎనిమిదని నాకు తెలియక కాదు, ఏటా తరగతిలో చెప్పేది నేనే. కానీ చిన్నప్పుడు తొమ్మిది బట్టీ పట్టిన నోరు, నాటిక అనగానే తొమ్మిదే అనేసింది. సారు అన్న మాట పక్కనే నిలబడి లావణ్య కూడా విన్నది. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమని, ఆహ్వానపత్రిక అచ్చుకివ్వాలని సారు చెప్పి వెళ్లిపోయారు.

మర్నాడు రెండో శనివారం సెలవు. అంగీలు తెచ్చుకోవాల్సింది ఆ రోజే. ఏడున్నరకు షాద్‌నగర్‌లో బస్సెక్కి తొమ్మిది కొట్టేసరికి ఆరాంఘర్‌లో దిగాను. ఆడవాళ్లయితే ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, డబ్బు తీసుకోకుండా జీరో టికెట్టు ఇస్తారు. అక్కడి నుంచి సిటీ బస్సులో చాంద్రాయణగుట్ట. అదే దారిన చార్మినార్ దాకా బస్సులున్నాయి, కానీ ఆటోలో అయితే ప్రశాంతంగా ఆలోచించుకోవచ్చని దిగిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! చార్మినార్ పక్కన దర్జీ ఉండే పత్తర్‌గట్టికి నూట యాభై అడిగిన ఆటో, చౌరస్తాలోనే ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయింది. ఆ హారన్ల మధ్య సారు ఫోన్ చేసి "ఏం అనుకున్నరు?" అని అడిగారు. ఇంకా ఏమీ అనుకోలేదు, పిల్లను తీసేయడానికి మనసొప్పడం లేదన్నాను.

ఫోన్ పెట్టగానే ఆటో నడిపే అన్న అద్దంలోంచి చూశాడు. "ఏంది మేడం, ఎవల్నో తీసేస్తున్నరట?" విషయం చెప్పాను. ప్లూటో మన చందమామ కన్నా చిన్నదని, సూర్యుడి చుట్టూ తిరిగితే చాలదని, గుండ్రంగా ఉన్నా చాలదని, తన దారిలో తనతో పాటు ఇంకెవరూ లేకుండా ఊడ్చుకున్నదే గ్రహమని పెద్ద సైంటిస్టులు ఓటేసి తేల్చారని వివరించాను. అతను చుట్టూ చూశాడు. ముందు బస్సు, పక్కన అరటిపళ్ల బండి, వెనక నాలుగు ఆటోలు. "గా లెక్కన ఈడ ఒక్క ఆటో గూడ ఆటో కాదు మేడం. ఎవల తొవ్వ క్లియర్ ఉన్నదో చెప్పుండ్రి." పడీపడీ నవ్వాను. నవ్వు ఆగాక చూసుకుంటే తొమ్మిది వైపు కాస్త ఒరిగి ఉన్నాను.

పత్తర్‌గట్టి వెనక సందుల్లో దుకాణాలు పదకొండు కాకుండా తెరవరు. మెట్ల మీద కూర్చుని ఎదురుచూశాను. ఖలీల్ భాయ్ నాటకాలకు, పెళ్లి బారాత్‌లకు బట్టలు కుట్టే దర్జీ, మా బడికి పాత పరిచయం. వచ్చీ రాగానే ఒక్కో అంగీ తీసి గోడకు తగిలించడం మొదలుపెట్టాడు. అన్నీ ఒకే నీలం సాటిన్ తానులోంచి కుట్టినవి, ఛాతీ మీద బిళ్లల రంగులే వేరు. మొదటిది బృహస్పతి. తగిలించాక కూడా కింద మూరెడు బట్ట నేల మీద పడి ఉంది. ఆ వేషం వేసే మా శివగాడు అందులో దూరితే వెతుక్కోవాల్సిందే. శనిగ్రహం అంగీ దానికి తమ్ముడు. బుధుడిది రెండేళ్ల పసివాడికి బిగుతు. చివర సంచీ అడుగు నుంచి జాగ్రత్తగా ప్లూటోను తీశాడు. ఓరి నాయనో! కొబ్బరికాయకు తొడిగితే సరిగ్గా సరిపోతుంది. చేతులు కూడా పెట్టాడు, జరీ అంచు కూడా.

"ఖలీల్ భాయ్, ఇదేంటి?"

"మీరే పంపిన్రు కదా మేడం లిస్టు. బృహస్పతి సబ్‌సే బడా, బుధుడు ఛోటా, ప్లూటో అందర్ల కన్న ఛోటా. డౌటొచ్చి ఫోన్ గూడ జేసిన. ఎంత చిన్నగుండాలె అంటే, మస్తు చిన్నది, చందమామ కన్న చిన్నది అన్నరు."

అన్నాను. తరగతి మధ్యలో ఫోనెత్తి, పాఠం గురించి ఎవరో పిల్లాడి తండ్రి అడుగుతున్నాడనుకుని ఎంతో ఉత్సాహంగా చెప్పాను. నేను పంపిన ఫొటో వేషాల పట్టీ ఉన్న నాటిక కాగితానిది. పిల్లల కొలతలు అంగుళాల్లో రాసిన కాగితం ఇంకా నా బ్యాగులోనే ఉంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. సరిగ్గా అప్పుడే మళ్లీ సారు ఫోన్. సంగతి విని, "ఇంకేం, ఆ చిన్న అంగీ ఎట్లాగూ పనికిరాదు. ఎనిమిదే సరిచేయించుకుని రండి" అన్నారు. దేవుడే దారి చూపించాడా, లేక నా మతిమరుపు ఒక పిల్ల నోటి దగ్గర కూడు తీసేస్తోందా?

సైంటిస్టుల ఓటు సంగతి చెప్పి ఖలీల్ భాయ్‌నే అడిగాను, గ్రహాలు ఎన్నని. నా వైపే మాట్లాడతాడనుకున్నాను. "కమిటీ ఎనిమిదంటే ఎనిమిదే మేడం. మా దగ్గర నెలవంక నా కండ్లతోని చూసినా సరే, మా కమిటీ ఎలాన్ జేసి చెప్పందే పండుగ లేదు. లేకుంటే గల్లీకొక ఈద్ అయితది." సమంజసంగానే ఉంది. ఇప్పుడు ఎనిమిది వైపు ఒరిగాను. కానీ ఆయన అప్పటికే బృహస్పతి అంగీని బల్ల మీద పరిచి, సుద్దతో రెండు గీతలు గీసి, నా కొలతల కాగితంలో లావణ్య పేరు వెతుకుతున్నాడు. మరి ఎనిమిదే కదా, తొమ్మిదోది దేనికన్నాను. "గ్రహం సంగతి కమిటీ చూస్కుంటది. బచ్చీకి అంగీ నేను చూస్కుంట. ఫికర్ జెయ్యకుండ్రి. మూడింటికి రాండ్రి." మిగతా చిన్నవాటికి అతుకులు వేస్తే సరిపోతాయట, కూలి కూడా ఎక్కువ అడగలేదు.

నయాపూల్ వైపు నడిస్తే ఒక చిన్న పాల దుకాణం కనిపించింది. మూడు తరాలుగా బర్రెలు పెట్టుకున్న కుటుంబమట. గడ్డ పెరుగు, రెండు రొట్టెలు యాభై రూపాయలు, కడుపు నిండిపోతుంది. గల్లాపెట్టె దగ్గర ఆ ఇంటి పెద్దావిడ అందాలమ్మ గారు కూర్చున్నారు. నా మొహం చూసి "ఏమైంది బిడ్డా?" అన్నారు, అంతే, ఎనిమిదీ తొమ్మిదీ అంతా కక్కేశాను. ఆవిడ ఓపిగ్గా విని, "నాకు గివేం తెల్వయి గని, గా పొల్లను అడిగినవా?" అన్నారు. చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. హెడ్‌మాస్టర్ చెప్పారు, ఆటో అన్న చెప్పాడు, దర్జీ చెప్పాడు. లావణ్యను ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు.

వాళ్లమ్మ ఫోన్‌కు చేస్తే లావణ్యే ఎత్తింది. నీళ్లు నములుతూ, నాటికలో గ్రహాలు ఎనిమిదే ఉండొచ్చని చెప్పాను.

"ఎర్కనే టీచర్. బుక్కుల సూసిన."

"బాధగా ఉందా?"

"మస్తు బాధైంది." తర్వాత తనే అందుకుంది. "టీచర్, నన్ను గ్రహం అనకున్నా మంచిదే. ఎనిమిది మందినే పిలువుండ్రి. నేను దూరంకెల్లి తిరుగుత. పరదా పట్టుకుంటే తిరగనీకె రాదు గద."

ఏడుపొచ్చేసింది. పెరుగు తినేవాళ్లంతా నన్నే చూశారు, చూస్తే చూశారు. వెంటనే సారుకు ఫోన్ చేశాను. గ్రహాలు ఎనిమిదే సార్, కానీ స్టేజీ మీద తిరిగేది తొమ్మిదిమంది అని కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన గొణిగి గొణిగి, "సరే, కార్డుల మాత్రం ఎనిమిదనే వేయిస్త" అన్నారు. మూడింటికి వెళ్తే అంగీలన్నీ మడతపెట్టి ఉన్నాయి, బృహస్పతి బొత్తిగా చిక్కిపోయాడు. సాయంత్రం రద్దీ మొదలవకముందే, ఈసారి ఆటో జోలికి పోకుండా సిటీ బస్సే పట్టుకుని, ఆరున్నరకు షాద్‌నగర్‌లో దిగాను.

ప్లూటో గ్రహమా కాదా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే పుస్తకంలో ఉన్న జవాబే చెబుతాను, చెప్పాక మాత్రం తల గోక్కుంటాను. లెక్కపెట్టాలంటే ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, అది నాకు తెలుసు. గీత అవతల పడినదాన్ని ఏం చేయాలో మాత్రం ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు తోచలేదు. పదకొండేళ్ల పిల్లకు తోచింది. దాన్ని తలుచుకుంటే నాకు గర్వంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది. బడి నాటకాలకు పాతబస్తీలో బట్టలు కుట్టించాలనుకునే వాళ్లకు ఒక్క సలహా. శుక్రవారం నమాజు రోజు వద్దు, మిగతా రోజుల్లో పదకొండు దాటాక వెళ్లండి, కొలతలు మీ చేత్తోనే ఇవ్వండి. ఆ కాగితం మీద వేషం పేరు రాయకండి, పిల్ల పేరు రాయండి.