నడినెత్తిన బాబా పాయ

సూర్యాపేటలో ఈమధ్య కొన్న దువ్వెన ఏదీ మా మనుమరాలి పుట్టువెంట్రుకల చిక్కు ముందు నిలబడడం లేదు. వారం తిరక్కముందే పళ్లు ఊడుతున్నాయి. దుకాణంలో అడిగితే తప్పు జుట్టుదేనంటారు. నా చిన్నప్పుడు దువ్వెన మీద ఇంత భారం ఉండేది కాదు. నా నడినెత్తి మీది పాయ జోలికి అసలు దువ్వెననే రానిచ్చేవారు కాదు.

ఆ పాయ నాది కాదు, బాబాది. నాకు ముందు పుట్టిన పిల్లలు నిలవకపోయేసరికి, కోదాడ దగ్గరి చిలుకూరు పక్క మా ఊళ్లో వ్యవసాయం చేసుకునే మా నాయనమ్మ మిర్యాలగూడ వైపున్న సైదులు బాబా దర్గాకు పోయి, ఈ బిడ్డ బతికితే నీ పేరే పెడతాం, బడి ఈడు వచ్చేదాకా ఒక పాయకు కత్తెర తగలనీయం, నీ సన్నిధిలోనే తీయించి మేకపోతును కోసి కందూరు విందు చేస్తాం అని మొక్కుకుందట. అట్లా నేను సైదమ్మనయ్యాను. ఎండాకాలం మామిడి ముక్కలు ఆరబోస్తున్నా, వానాకాలం పొయ్యి రాజేస్తున్నా ఆమె కన్ను నా నెత్తి మీదే ఉండేది. జ్వరమొస్తే ముందు పాయ తడిమి, తర్వాత నుదురు ముట్టుకునేది.

"అది ఉన్నన్ని దినాలు నీకేం గాదే," అనేది.

ధైర్యం చెప్పాననుకునేది. మరి అది పోయాక? ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, అడగడానికి నాకు నోరు రాలేదు.

మొక్కు చెల్లించే రోజు రానే వచ్చింది. నన్ను బతికిస్తున్న దాన్ని కత్తిరించడానికి ఇంటిల్లిపాదీ బియ్యం, బెల్లం మూటలు కట్టుకుని అంత హుషారుగా బండెక్కుతుంటే, వీళ్లకు నేనేం అపకారం చేశానా అనుకున్నాను. మేకపోతు కూడా అదే ఆలోచిస్తున్నట్టుంది. ఇద్దరికీ పూలదండలు వేశారు.

దర్గా దగ్గర ఊదు పొగ, గులాబీలు, చింతచెట్ల కింద ఉడుకుతున్న మసాలా, నెయ్యీ బెల్లం కలిపిన మలీద, అన్నీ కలిసి ఒకే వాసనగా ముక్కుకు తగిలాయి. ఆ రోజు ఉర్సు. సమాధిని చూసుకునే ముజావర్ తాతను ఉర్సంటే ఏందని నాయనమ్మ అడిగింది.

"పెండ్లి లెక్క అమ్మా. బాబా కన్ను మూసిన దినం గది. దేవునితోని కలిసిండు గద, గందుకే మేం ఏడ్వం, గంధం పూస్తం."

నాయనమ్మ దండం పెట్టుకుంది. నేను నా కొత్త పరికిణీని, మెళ్లో దండను, చేతులకు పూసిన గంధాన్ని చూసుకున్నాను. అనుమానానికి ఇంకేం మిగల్లేదు.

మంగలి కత్తెర తీయగానే రెండు చేతులతో పాయను పట్టుకున్నాను. మా నాయన లాగినా వదల్లేదు.

"ఇడువే, బాబా సూస్తుండు," అని నాయనమ్మ బతిమాలింది. బాబా చూస్తున్నాడనే కదా నా భయం.

ముజావర్ తాత నెమలీకల కట్ట పక్కన పెట్టి నా ముందు చతికిలబడ్డాడు.

"ఇది తీస్తే నేను సచ్చిపోతనా తాతా?"

ఆయన నవ్వలేదు. "అందరం ఎన్నడో ఒకనాడు పోతం బిడ్డా. ఇయ్యాల మాత్రం నువ్వు కందూరు తింటవ్."

దాన్ని ఓదార్పు అనలేం. కానీ నా భయానికి జవాబంటూ చెప్పింది ఆయనొక్కడే; వేళ్లు వాటంతటవే సడలాయి. పాయ తీసి, ఫాతెహా ప్రార్థన చదివాక విస్తళ్లు వేశారు. చావు కోసం ఎదురుచూస్తూనే మారు కూర వేయించుకున్నాను. ఆ తర్వాత చాలాకాలం నిద్ర లేవగానే నడినెత్తి తడుముకుని, ఇంకా ఉన్నానని తేల్చుకునేదాన్ని.

ఇప్పుడు చింతచెట్ల చోట రేకుల షెడ్డు ఉంది. ముజావర్ తాత తన బాబాకు కాస్త ఎడంగా మట్టిలో పడుకున్నాడు. మా వైపు సైదులు, సైదమ్మ అనే పేర్లు బడి హాజరులో వినిపించడం తగ్గిపోయింది. అయినా మనుమరాలు నెలలు నిండకుండా పుట్టి కోదాడ దవాఖానలో అద్దాల పెట్టెలో పడుకున్నప్పుడు, డిగ్రీ చదివిన నేను వరండాలో కళ్లు మూసుకుని ఏం మొక్కుకున్నానో ఎవరికీ చెప్పలేదు.

మొన్న పుట్టువెంట్రుకలు తీయిస్తామంటే చెప్పక తప్పలేదు. నడినెత్తిన ఒక్క పాయ ఉంచమన్నాను. మా అమ్మాయి అంతా విని, పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"నీ భయం తీసుకపోయి దీని నెత్తికెందుకు కడ్తవమ్మా?"