పిల్లల అడుగులు

నారాయణఖేడ్ నుంచి కంగ్టి వెళ్లే బస్సులో పక్కసీట్లో ఉన్న కూలిపని చేసే ఆమెకు, ఒక ఎడారి బండమీద నేను తీసిన డైనోసార్ల అడుగుజాడల ఫోటో చూపించాను. అంచుల్లో పెద్ద అడుగులు, నడుమ చిన్నవి. పిల్లల్ని మధ్యలో పెట్టుకుని మంద నడిచిందని వాటివల్లే తెలిసింది.

"చెరుకు కొట్టవోతే మేం గూడ గట్లనే నడుస్తం," అందామె.

ఇంకో ఫోటో కూడా చూపించాను. నేను అక్కడికి మళ్లీ వెళ్లినప్పుడు తీసిన ఆ ఫోటోలో చిన్న అడుగులు లేవు. ఎవరో ఉలితో పెకలించుకుపోయారు. ఫిర్యాదు రాసిస్తే అక్కడి అధికారి "రాళ్లే కదా" అని నవ్వాడు. అది ఆమెకు చెబుతుంటే నాకు ఒళ్లు మండింది.

"నువ్వు ఊకున్నవా?" అని ముక్కూమొహం తెలియని నన్ను ఆమె నిలదీసింది. "మల్ల అర్జీ రాయి. రాళ్లు పోయినయని కాదు, పిల్లల్ని ఎత్కపోయిండ్రని రాయి."

కంగ్టి రాకముందే ఫోన్‌లో ఫిర్యాదు మళ్లీ అలాగే రాసి పంపాను.