ఆరేళ్ల తామర

మా ఆయన సెలూన్ మా ఇంటి ముందు గదికి ఆనుకునే ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా పొద్దున ఏడింటికి నిలబడితే మళ్లీ కూర్చునేది అన్నానికే. పనిలో వంక పెట్టడానికి లేదు. వచ్చినవాళ్ల ఊసులన్నీ వింటాడు గానీ తన సంగతి ఒక్కటీ చెప్పడు, అదీ ఆయనతో తంటా.

ఆరేళ్ల కిందట మంచం తీసుకెళ్లి ముందు గదిలో వేసుకున్నాడు. "నా గురకకి నీకు నిద్ర ఉండట్లేదుగా" అన్నాడు. ఇరవై ఏళ్లు పట్టిన నిద్ర అప్పుడే ఎందుకు పట్టకుండా పోయిందట? నా మీద మనసు విరిగిందనుకున్నాను. లావయ్యాను, జుట్టు పల్చబడింది. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. దోమలని చెప్పి ఇంట్లో కూడా పైజామా, మేజోళ్లు విప్పేవాడు కాదు. అదొక చాదస్తంలే అని ఊరుకున్నాను.

మొన్నామధ్య బట్టలు ఆరేస్తుంటే సెలూన్‌లోంచి కేక. "బాబోయ్, నా చెవి తెగింది!" పరుగెత్తాను. కుర్చీలో బ్యాంకు గుమాస్తా రెండు చెవులూ పట్టుకుని వణుకుతున్నాడు. చెవులు నిక్షేపంగా ఉన్నాయి. నేలంతా రక్తం, మా ఆయన ప్యాంటు అంచులోంచి కారుతోంది. పక్కనున్న మందుల షాపాయన వచ్చి, ఆయన్ని పడుకోబెట్టి, కాలు కుర్చీ మీదకెత్తి, తువ్వాలుతో గట్టిగా అదిమిపట్టాడు. కాసేపటికి రక్తం ఆగింది. ప్యాంటు పైకి లాగితే మోకాలి కింద తాళ్లలా ఉబ్బిన నరాలు, చీలమండ దగ్గర నల్లబడి పొట్టు రేగిన చర్మం.

"తామరన్నావు కదయ్యా! ఆరేళ్లుగా ఆ ట్యూబులేగా పట్టుకెళ్తున్నావు?" అన్నాడు షాపాయన. నాకు ఒళ్లు మండింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ని నిలబెట్టి కాలికి స్కానింగ్ చేసింది.

"ఇది తామర కాదండీ. కాళ్లలో రక్తం పైకెక్కాలి. మళ్లీ కిందకి జారకుండా నరాల్లో చిన్న చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి. మీకు అవి సరిగ్గా మూసుకోవట్లేదు. రక్తం కిందే నిలిచిపోయి నరం ఉబ్బింది, చర్మం పాడైంది. గంటల తరబడి నిలబడే పని కదా, ఇంకా ముదిరింది. పైన ఏం పూసినా పోదు."

"మరి ఇది అంటుకోదా అమ్మా?" అని అడిగాడు మా ఆయన.

"అంటుకునే జబ్బే కాదు."

"ఒకే మంచం మీద పడుకున్నా?"

మంచం ఎందుకు మారిందో అప్పుడు అర్థమైంది.

రెండు వారాలకి లేజర్ చేశారు. కాలికి మాత్రం మత్తిచ్చి, సన్నని తీగ లోపలికి పంపి, పాడైన నరాన్ని వేడితో మూసేశారు. ఇక రక్తం మంచి నరాల్లోంచి వెళ్తుందట. గంటలో అయిపోయింది. బిగుతు మేజోడు తొడిగి, వెంటనే అరగంట నడవమన్నారు. ఇకపై పనిలో మధ్యమధ్య కూర్చోవాలి, నాలుగడుగులు వెయ్యాలి.

వరండాలో పక్కనే నడుస్తుంటే నా కోపం ఆగలేదు.

"ఆరేళ్లండీ! నాతో ఒక్క ముక్క చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"నీకు అంటిస్తానేమోనని... చెబితే అసహ్యించుకుంటావేమోనని భయమేసింది."

"మీకే నేనంటే అసహ్యం పుట్టిందనుకుని ఆరేళ్లు ఏడ్చాను."

ఆయన నిలబడిపోయాడు.

"ఆగకూడదన్నారు, నడవండి" అని చెయ్యి పట్టుకున్నాను.