గ్రాముల బాబాయి వడ్డన

ఆ కొండబాట ఈ చివరి నుంచి ఆ చివరికి నూట పది రోజుల నడక. మొదటి వారం నడిచేవాళ్లు దూరాన్ని మైళ్లలో చెప్పుకుంటారు. నెల తిరిగేసరికి పూటల్లోకి దిగుతారు. తరువాతి ఊరు ఎంత దూరమని అడిగితే, ఇంకా ఏడు పూటలని జవాబు వస్తుంది. వీపు మీద మోసుకుని తినవలసిన వాళ్లకు అన్నిటికన్నా నికరమైన కొలమానం కడుపే.

గ్రాముల బాబాయికి అరవై మూడేళ్లు. ఒక కర్మాగారపు క్యాంటీనులో ముప్పై నాలుగేళ్లు వంట చేసి రిటైరైన మనిషి. బరువు దగ్గర బాట మీద అందరూ పిసినారులే. పళ్లు తోముకునే బ్రష్షు పిడి సగానికి కోసేస్తారు, పొట్లాల మీది అట్టలు పారేస్తారు, చదివేసిన పేజీలు చించి పొయ్యి రాజేస్తారు. బాబాయి కూడా అవన్నీ చేశాడు. చేసి, వాటన్నిటికన్నా బరువైన త్రాసొకటి సంచిలో పెట్టుకున్నాడు. అరచేతిలో ఇమిడే ఆ త్రాసు మీద ప్రతి పూటా ఉప్పు తూచేవాడు, పాలపొడి తూచేవాడు. ఆ పేరు పెట్టింది బాట మొదట్లోనే అతడికి జతైన ఒక బస్సు డ్రైవరు. బరువు తగ్గించుకోవడానికి త్రాసు మోసే మనిషిని తన సర్వీసులో చూడలేదని అతడు దారిలో ఎదురైన ప్రతివాడికీ చెప్పేవాడు.

డ్రైవరుకు నడక మీద మోజు లేదు. చెల్లెలి కోసం వచ్చాడు. ఆమె బడిలో డ్రాయింగు టీచరు. కిందటి ఏడు ఒంటరిగా బయలుదేరి, సగం దారిలో తిండి సయించక, చిక్కి శల్యమై తిరిగొచ్చింది. ఈసారి బాట చివరిదాకా నడవకపోతే ఇక బొమ్మలో కూడా కొండ గీయనని ఇంట్లో చెప్పింది. తల్లి ఒక షరతు మీద ఒప్పుకుంది. టీచరు చిక్కే కొద్దీ ఆమె నడుము బెల్టుకు అన్న మేకుతో కొత్త చిల్లులు పొడుస్తూ రావాలి. నాలుగో చిల్లు అవసరమైన నాడు ఏ ఊరు దగ్గరైతే ఆ ఊళ్లో బస్సెక్కించి ఇంటికి తీసుకురావాలి. అన్న ఆ మేకును చొక్కా జేబులో పెట్టుకుని నడుస్తున్నాడు.

ఈసారి టీచరు చేసిన పొరపాటు ఈ బాట మీద నడిచేవాళ్లు మాత్రమే చేయగలిగింది. చవకగానూ తేలికగానూ ఉంటుందని, నూట పది రోజులకు సరిపడా ఓట్సు ఇంట్లోనే పొట్లాలు కట్టి, దారిలోని పోస్టాఫీసులన్నిటికీ తన పేరు మీదే ముందుగా పంపేసుకుంది. ముప్పయ్యో రోజుకు ఓట్సు వాసన తగిలితేనే ఆమెకు గొంతు పట్టేసేది. అయినా ప్రతి ఊళ్లోనూ పోస్టు గుమాస్తా చిరునవ్వుతో అవే ఓట్సు చేతికిచ్చేవాడు. జైల్లో ఉన్నవాడికి కూడా వారానికోసారి కూర మారుస్తారని డ్రైవరు అనేవాడు.

అవి ఆమె గొంతు దిగేలా చేసింది బాబాయి వడ్డన. పొద్దు వాలుతుండగా ముగ్గురూ గిన్నెలు పట్టుకుని కూర్చున్నాక, అతడు లేని వంటకం ఒకటి మాటల్లో వండేవాడు. దానికొక నియమం: వడ్డిస్తున్నంతసేపూ చేతిలో ఉన్నది తినాలి; ముందుగా చాలన్నవాళ్లు గిన్నెలన్నీ తోమాలి. వెన్నలో ఉల్లిపాయ ఏ క్షణాన పచ్చివాసన వదిలి తీపి వైపు తిరుగుతుందో, రొట్టె పెనం మీద ఎక్కడ పొక్కి ఎక్కడ మాడాలో, ఆ మాడిన మచ్చ నాలుకకు ముందు చేదుగా తగిలి వెంటనే ఎలా కమ్మగా మారుతుందో, తొందర లేకుండా చెప్పేవాడు. డ్రైవరు కళ్లు మూసుకుని, నాకింకో రొట్టె వెయ్యి బాబాయ్ అని గిన్నె చాపేవాడు. ఆ మాటల వెంట టీచరు ఓట్సు మింగేది. మింగుతున్నానన్న సంగతి మరిచిపోయి మింగేది.

మాట ఆకలిని తీర్చదు. కాని ఆకలిని మళ్లీ మర్యాదగల దానిగా చేయగలదు. ఇది చిన్న పని కాదు.

అరవై రెండో రోజున వాళ్లు చేరిన రాళ్ల వసతి గది ముందు నుంచి తారురోడ్డు పోతుంది. రోజుకొక బస్సు, ఉదయం పది గంటలకు. మూడో చిల్లుకు కూడా బెల్టు వదులై, టీచరు రెండు రోజులుగా ఒక చేత్తో ప్యాంటు నడుము పట్టుకుని నడుస్తోంది. అన్న చూడనట్టే ఉన్నాడు. మర్నాడు ఉదయం మాత్రం జేబులోంచి మేకు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

"అమ్మకు మాటిచ్చానే. పది గంటల బస్సు."

ఆమె లేచింది. పొయ్యి దగ్గరికి వెళ్లి పాలపొడి సంచి బాబాయికి అందించి, బల్ల దగ్గర కూర్చుంది. బాబాయి పొడి తూచాడు. రోజూ వేసే చెంచా ఇవాళ నాలుగు గ్రాములు ఎక్కువ తూగింది. తడి తగిలి ఉంటుందని గొణుక్కుని జావలో కలిపాడు. క్యాంటీను అలవాటు కొద్దీ మొదటి గరిటె తనకే పోసుకున్నాడు. నలుగురికీ పెట్టేముందు వండినవాడు తినాలన్నది అతడి పాత నియమం. సగం గిన్నె నింపాదిగా తిన్నాడు. మీసాల మీద తెల్లగా నురగ పొంగింది.

"బాబాయ్, జావ తాగుతున్నావా, గడ్డం గీసుకుంటున్నావా?" అన్నాడు డ్రైవరు. అంటూనే తానూ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మరుక్షణం గుమ్మం దాటి ఉమ్మేశాడు.

అది బట్టల సబ్బుపొడి. అట్టలు పారేసి పాలపొడినీ సబ్బుపొడినీ ఒకే రకం సంచుల్లో పోసింది టీచరే. సంచి మీద పెన్నుతో రాసిన గుర్తులు వానకు చెరిగిపోయాయి. ఆమె పరుగున వెళ్లి నీళ్లు తెచ్చి, బాబాయి చేత నాలుగు గ్లాసులు తాగించింది. పొరపాటు తనదేనని పదిసార్లు చెప్పింది. డ్రైవరు మాత్రం నోరు పుక్కిలించి వచ్చి, సగం ఖాళీ అయిన గిన్నె వైపు చూస్తూ నిలబడ్డాడు. నవ్వు అతడి ముఖంలోంచి మెల్లగా దిగిపోయింది.

"నీకు తెలీలేదా బాబాయ్?"

బాబాయి మీసం తుడుచుకున్నాడు. పదకొండేళ్ల కిందట ఒక జ్వరం వచ్చిందని, అది పోతూ పోతూ రుచినీ వాసననూ తీసుకుపోయిందని చెప్పాడు. క్యాంటీనులో తెలిస్తే వంటశాలలోంచి తీసేసి గిన్నెల లెక్క చూడమంటారని ఎవరికీ చెప్పలేదు. అప్పుడు కొన్నాడు త్రాసు. అయితే ఉప్పును తూచవచ్చు గాని, ఆ రోజు టమాటా ఎంత పులుపో త్రాసు చెప్పదు. అందుకని వడ్డించే బల్ల వెనక నిలబడి ముఖాలు చదవడం మొదలుపెట్టాడు. రోజుకు నాలుగు వందల ముఖాలు. ఉప్పు ఎక్కువైతే కనుబొమ్మ కదులుతుంది. కారం ఎక్కువైతే గ్లాసు దగ్గరికి జరుగుతుంది. చప్పగా ఉంటే కబుర్లు పెరుగుతాయి. అన్నీ కుదిరిన రోజున ఎవరూ మాట్లాడరు, ఎవరూ పళ్లెం వైపు కూడా చూడరు. రిటైరయ్యేదాకా ఆరేళ్లు అలా వండాడు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆశ్చర్యం అనే మాటను పొదుపుగా వాడాలి. ఒకరి నాలుక మీది రుచి మరొకరికి తెలిసే మార్గం లేదని తత్వవేత్తలు గ్రంథాలు రాశారు. ఈ వంటవాడు వాటిని చదవలేదు. తెలియని రుచిని రోజుకు నాలుగు వందల మందికి సరిగ్గా అందించాడు.

"ఈ బాట ఎందుకెక్కానంటే, ఇక్కడ అందరి తిండీ గడ్డిలాగే ఉంటుందని విన్నాను. మీరంతా నాకు సాటి వస్తారనుకున్నా" అని బాబాయి నవ్వాడు. డ్రైవరు నవ్వలేకపోయాడు.

టీచరు అడిగింది. "మరి ఉల్లిపాయా, రొట్టె మీద మచ్చా, అవన్నీ?"

"గుర్తున్నవే అమ్మాయ్. చెప్పకపోతే అవీ పోతాయి. ఈమధ్య ఉల్లిపాయ దగ్గర కొంచెం తడబడుతున్నా. చెప్పేటప్పుడు నీ గొంతు వైపు చూస్తా. మింగావంటే సరిగ్గా చెప్పినట్టు."

తనను మోస్తున్నాడనుకున్న మనిషి అరవై రోజులుగా తన మీదే ఆనుకుని నడుస్తున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమె లేచి గిన్నె తోమింది. తన సంచిలోంచి ఓట్సు తీసి, ఈసారి పొడి వాసన చూసి కలిపి, పొయ్యి మీద పెట్టింది. ఉడికాక బాబాయి ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ మీరు చెప్పొద్దు బాబాయ్. నేను చెప్తా. వినండి."

మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. మింగేయకుండా నిలిపింది. ముప్పై రోజులుగా తప్పించుకు తిరుగుతున్న దాన్ని, బొమ్మ గీయబోయే వస్తువును చూసినట్టు, మొదటిసారి నిదానంగా పరికించింది.

"ముందు తడిసిన అట్ట. అంచుల్లో జిగురు. వెనకాల, చాలా వెనకాల, వేరుశనగ లాంటిదొకటి ఉంది. ఉండండి, మళ్లీ చూస్తా."

మళ్లీ చూడాలంటే మళ్లీ తినాలి. తిన్నది. వేరుశనగ కాదని, కొత్తగా చెక్కిన పెన్సిలని సవరించింది. ఆ పెన్సిలు వాసన నాలుక మీద ఎంతసేపు ఉంటుందని బాబాయి అడిగాడు. చెప్పడానికి ఇంకో చెంచా కావలసి వచ్చింది. పాలు అడుగంటిన చోట తీపి ఉందా అన్నాడు. ఆమె అడుగు గీకింది. అతడు బల్ల మీదికి వంగి, చెంచా పైకి లేచినప్పుడల్లా తన పెదవులు కదిలిస్తూ, పదకొండేళ్ల తరువాత ఒకరు వడ్డిస్తుంటే తింటున్నాడు.

"ఉప్పు?" అన్నాడు చివరికి.

"తక్కువైంది."

"ఎంత?"

ఆమె ఆలోచించింది. "గ్రాము. గ్రాముంపావు."

బాబాయి తల ఊపాడు. పది గంటలకు గది ముందు బస్సు ఆగి హారను కొట్టింది. డ్రైవరు బయటికి వెళ్లాడు. స్టీరింగు దగ్గరున్న అతడితో తోటి డ్రైవరుగా రెండు మాటలు మాట్లాడి, చేయి ఊపి పంపించేశాడు. లోపలికి వచ్చి కిటికీ గట్టు మీది మేకు తీసుకుని, చెల్లెలి బెల్టు అడిగాడు. ఆమె ముఖం పాలిపోయింది. అతడు బెల్టును బల్ల మీద పరిచి, రాయితో కొట్టి నాలుగో చిల్లు పొడిచి, తిరిగి ఇచ్చాడు.

"అమ్మకు నేను చెప్పుకుంటాలే. సాయంత్రం అడుగు గీకి రుచి చెప్పే వంతు నాది."